చాచీ గుడ్లూ నా షార్ట్‌వేవ్ పిచ్చీ

ఆ రోజుల్లో నాకు మనుషుల మాట కంటే నా చేత్తో నేను రాసుకున్న జాబితా మీదే నమ్మకం ఎక్కువ. పొద్దున లేవగానే ఆనాటి పనులకు వరుస సంఖ్యలు వేసి రాసుకునేవాణ్ని. పూర్తయిన పని మీద అడ్డగీత గీయడంలో ఎంత సుఖముండేదంటే, అప్పటికే చేసేసిన పనిని కూడా జాబితాలోకి ఎక్కించి, వెంటనే కొట్టేసిన సందర్భాలున్నాయి. (నవ్వకండి. చదువుతున్న మీలోనూ ఆ జాతివారు ఒకరిద్దరుంటారు.) ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, కొంగరకలాన్ వైపు ఒక కంపెనీలో తయారైన సర్క్యూట్ బోర్డులను పరీక్షించే విభాగంలో కొత్తగా చేరాను. రోజంతా 'పాస్', 'ఫెయిల్' అని గుర్తులు పెట్టడమే పని. అలాంటివాడు ఇంటికొచ్చాక ఊరుకుంటాడా? ఇబ్రహీంపట్నంలో మా గల్లీని కూడా ఒక బోర్డులాగే చూసేవాణ్ని. ఆ గల్లీలో నేను ఒక చలికాలపు ఆదివారం చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా చెబుతాను, ఎందుకంటే దాచిపెడితే ఏమవుతుందో కూడా ఆ వారంలోనే తెలిసింది.

చిన్నప్పుడు మేనమామ ఇంట్లో ఎనిమిది బ్యాండ్ల రేడియో ఒకటి ఉండేది. బడి సెలవుల్లో దాని ముల్లు తిప్పుతూ, అర్థంకాని భాషల్లో వార్తలు వింటూ గంటలు గడిపేవాణ్ని. తర్వాత చేతికి ఫోన్ వచ్చింది, రేడియో అటకెక్కింది, పదేళ్లు దాని ఊసే లేదు. ఉద్యోగంలో చేరాక ఒకసారి మేనమామ ఇల్లు సున్నం వేయిస్తూ, "పాత సామాన్లకిచ్చి ఉల్లిగడ్డలు తీసుకుందామనుకుంటున్న, నీకు గావాల్నా?" అని దాన్ని చూపించాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. విప్పి చూస్తే లోపల బల్లి అస్థిపంజరం, ఉబ్బిపోయిన కండెన్సర్లు తొమ్మిది, తుప్పు పట్టిన బ్యాండ్ స్విచ్. మూడు ఆదివారాలు కూర్చుని బాగుచేశాను. ఇంటి మీద నీళ్ల ట్యాంకు నుంచి మెట్ల గది దాకా ఏరియల్‌గా రాగి తీగ కట్టాను. (మరుసటి రోజే అమ్మ దాని మీద దుప్పట్లు ఆరేసింది. "తీగ కట్టినవ్ గద, మంచిగున్నది," అని మెచ్చుకుంది కూడా.)

షార్ట్‌వేవ్ వినేవాళ్లకు ఒక ఆచారం ఉంది. దూరపు స్టేషన్ దొరికితే ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు విన్నామో, ఏమేం విన్నామో, ఎంత స్పష్టంగా విన్నామో పుస్తకంలో రాసుకుని ఆ స్టేషన్‌కు నివేదిక పంపాలి. వాళ్లు సరిచూసుకుని, 'అవును, మీరు విన్నది మమ్మల్నే' అని బొమ్మల కార్డు ఒకటి పంపుతారు. అయితే స్టేషన్ తన పేరు చెప్పుకోగా మన చెవితో వినాలి. పాటలు ఎన్ని విన్నా పేరు వినకపోతే అది విన్నట్టు కాదు. ఇక స్పష్టతకు ఐదు అంకెలుంటాయి. అందులో మూడో అంకె రొదది. ఐదు వేస్తే రొద లేదని, ఒకటి వేస్తే రొద తప్ప మరేమీ లేదని. నా పుస్తకంలో మూడో అంకె రోజూ ఒకటే. సాయంత్రమయ్యేసరికి ముల్లు ఎక్కడ పెట్టినా నలభై సెకన్లు 'ర్ర్ర్ర్' మని ఒక రొద, ఇరవై సెకన్లు విరామం, మళ్లీ నలభై సెకన్లు రొద. దానివల్ల భూమధ్యరేఖకు అవతలి చిన్న దీవి స్టేషన్ ఒకటి నెలరోజులుగా నాకు దక్కకుండా పోతోంది. దాని కార్డు మీద పడవ బొమ్మ ఉంటుందట. ఆ పడవ నాకు కావాలి.

రొద ఎక్కడిదో పట్టుకోవడానికి జాబితా రాశాను. మా ఇంట్లోవే పదకొండు వస్తువులు: బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్, ఫ్రిజ్, కేబుల్ పెట్టె వగైరా. ఒక్కొక్కటీ ఆపుతూ వినడం, కొట్టేయడం. కేబుల్ పెట్టె వంతు వచ్చినప్పుడు అమ్మ సీరియల్ చూస్తోంది. "అత్త చెయ్యెత్తింది, చెంప మీద పడేటందుకు ఒక్క క్షణం ఉన్నది, గప్పుడే ఆపాల్నారా నువ్వు?" అని ఆమె నాతో రెండు పూటలు మాట్లాడలేదు. పదకొండూ అయిపోయాయి. రొద పోలేదు. చేత్తో పట్టుకునే చిన్న రేడియో ఒకటి తీసుకుని గల్లీలో గోడల వెంబడి నడిచాను. ఎదురింటి గోడ దగ్గరికి రాగానే అది గొంతు చించుకుని అరిచింది.

ఎదురిల్లు మా గల్లీ అంతా చాచీ అని పిలిచే ఆవిడది. ఆమె భర్త చాచా యాచారం రూట్లో ఆటో నడుపుతాడు. చాచీ తన పుట్టింటి ఊళ్లో నాటు కోళ్ల మధ్య పెరిగిన మనిషి. పట్నం గల్లీలో కోళ్లను తిరగనిచ్చే జాగా లేక, గుడ్లు పొదిగే కరెంటు డబ్బా ఒకటి కొనుక్కుంది. థర్మాకోల్ పెట్టె, లోపల బల్బులు, చిన్న పంకా, పైన ఎర్రంకెల్లో వేడి చూపించే మీటరు. పిల్లలయ్యాక ఊళ్లలో పెంచేవాళ్లకు అమ్ముకోవాలని ఆమె ఆలోచన. మొదటిసారి పెట్టిన గుడ్లు పాడైపోయాయి, ఎందుకంటే ఆమె ప్రేమకొద్దీ గంటకోసారి మూత తీసి చూసింది. రెండోసారి చాచా సలహా మీద నీళ్లు చల్లింది, అవీ పోయాయి. "గీసారి గూడ కాకుంటే డబ్బా తీసుకపోయి పాత సామాన్లోనికి ఇస్త. కోడి చేసే పని మనిషి చేస్తే గిట్లనే ఉంటది," అని చాచా తేల్చేశాడు. మూడోసారికి ఆమె నా దగ్గరికి వచ్చింది. నేను ఊరుకుంటానా? వేడి ఎంత, తేమ ఎంత, గుడ్లు ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు తిప్పడం ఆపాలి అని ఇరవై ఒక్క గడుల పట్టిక గీసి ఆమె గోడకు అంటించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు కనుక బొమ్మలు కూడా వేశాను. నలభై ఎనిమిది గుడ్లు, ఒక మంగళవారం పెట్టింది. రోజూ నాకు గల్లీలో ఎదురై, "ముప్పై ఏడున్నర ఉన్నది బేటా, నువ్వు రాసినట్టే," అని పరీక్ష పాసైన పిల్లలా చెప్పేది. నా రొద ఆ డబ్బాదేనని, అందులో బల్బులు వెలిగినప్పుడల్లా మోగుతోందని తెలిశాక కూడా ఆమెకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. అక్కడి దాకా నేను మంచివాణ్నే.

పంతొమ్మిదో రోజు ఆదివారం. యాచారంలో చాచీ అక్క మనవరాలికి పేరు పెడుతున్నారు. మధ్యాహ్నం ఆటో ఎక్కబోతూ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"బేటా, నువ్వున్నవని పోతున్న. జర కిటికీల నుంచి ఎర్రంకె చూస్తుండు. తక్కువైతే ఫోన్ కొట్టు. డబ్బాకు మాత్రం చెయ్యి పెట్టకు, మూడు దినాలు ముట్టద్దని నువ్వే చెప్పినవ్."

"ఫికర్ చెయ్యకు చాచీ."

"నువ్వుంటే నాకేం ఫికర్రా," అంది. చాచా ఆటో స్టార్ట్ చేస్తూ, "ఇంజనీర్‌కు అప్పజెప్పినవ్, ఇగ కోడి గూడ సెలవు తీసుకోవచ్చు," అన్నాడు.

సాయంత్రం ఐదున్నరకు రేడియో పెట్టాను. ఆ రోజు గాలిలో ఏదో మహిమ ఉంది. రొద ఆగిన ఇరవై సెకన్లలో దూరంగా డప్పులు, వెనకాల ఏదో కూనిరాగం. అదే దీవి! మళ్లీ నలభై సెకన్లు ర్ర్ర్ర్. నేను లేచి కిందికి వెళ్లాను. మా గల్లీలో కరెంటు మీటర్లన్నీ ఇళ్ల బయటి గోడలకే ఉంటాయి, మెయిన్ స్విచ్ వాటి కిందే. డబ్బాకు చెయ్యి పెట్టనని మాట ఇచ్చాను కదా, పెట్టలేదు. ఇంటి మొత్తానికే కరెంటు ఆపేశాను. (మాట తప్పని మనిషిని.) అంతకుముందు లెక్క కూడా వేసుకున్నాను: థర్మాకోల్ పెట్టె కాబట్టి ఐదు నిమిషాలకు అర డిగ్రీ పడుతుంది, గుడ్లకు ఏమీ కాదు. ఐదే నిమిషాలు. పైకి వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

ఆ నిశ్శబ్దం ఎలా చెప్పను? చీకటి గదిలో ఎవరో పరదా తొలగించినట్టు ప్రపంచమంతా ఒక్కసారిగా నా చెవిలోకి వచ్చింది. డప్పులు స్పష్టమయ్యాయి, కూనిరాగం పాటయింది, పాట వెనక అలల హోరు కూడా వినిపించింది. ఐదు నిమిషాలు అయిపోయాయి. కానీ వాళ్లు పేరు చెప్పలేదే! ఈ పాట అవగానే చెబుతారు, ఇంకో ఐదు నిమిషాలు. పాట అయింది, ఇంకో పాట మొదలైంది. ఆరు గంటలకు తప్పకుండా చెబుతారు. ఆరు గంటలకు ఒక పెద్దమనిషి వచ్చి తన భాషలో ఏదో సుదీర్ఘంగా ప్రవచించాడు, పేరు మాత్రం చెప్పలేదు. ఇంకో ఐదు నిమిషాలు. ప్రతి ఐదు నిమిషాలకూ నేను పుస్తకంలో సమయం వేసి, పరిస్థితి రాస్తూనే ఉన్నాను, అదేదో చాలా బాధ్యత గల పనిలాగా. అర డిగ్రీ లెక్క నాకు గుర్తుంది. కాకపోతే ప్రతిసారీ అది మొదటి ఐదు నిమిషాలన్నట్టే లెక్కపెట్టుకున్నాను. ఆరూ ఇరవై తొమ్మిదికి ఒక ఆడగొంతు నింపాదిగా ఆ దీవి పేరు, స్టేషన్ పేరు చెప్పింది. నేను కుర్చీలోంచి ఎగిరి, పుస్తకంలో రాసి, కింద రెండు గీతలు గీసి, అప్పుడు కిందికి పరుగెత్తాను. మెయిన్ వేసి కిటికీలోంచి చూస్తే ఎర్రంకె ముప్పై రెండు.

గల్లీ మొదట్లో ఆటో లైటు కనిపించింది.

చాచీ దిగుతూనే కిటికీ దగ్గరికి వెళ్లింది. తర్వాత ఆమె గొంతు గల్లీ అంతా వినిపించింది. "యా అల్లా! ముప్పై రెండు! అరే బేటా, కరెంట్ పోయిందా ఏంది?"

నిజం చెప్పడానికి ఒక్క క్షణం ఉంటుంది, అది దాటితే మళ్లీ దొరకదు. నేను ఆ క్షణాన్ని దాటనిచ్చాను. "అవ్ చాచీ. పోయింది. ఇప్పుడే వచ్చింది."

మా అమ్మ గడపలో నిలబడి చిక్కుడుకాయలు తుంచుతోంది. "మన ఇంట్ల పోలేదు గదరా? టీవీ నడుస్తనే ఉండె."

"ఒక్క ఫేజే పోయిందమ్మా," అన్నాను. (చదువుకున్నవాడి అబద్ధానికి సాంకేతిక పదాలు తోడవుతాయి. లేకపోతే మా అమ్మ అక్కడికక్కడే పట్టుకునేది.) అమ్మ ఒకసారి నా మొహం చూసింది, ఒకసారి నా మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్ చూసింది, మళ్లీ చిక్కుడుకాయల్లోకి దిగిపోయింది.

చాచా లైన్‌మన్‌కు ఫోన్ చేశాడు. మా వైపు లైన్‌మన్‌ను అందరూ స్పాట్ అన్న అంటారు, ఎప్పుడు ఫోన్ చేసినా "స్పాట్ల ఉన్న" అనే అంటాడు కాబట్టి. ఆ రోజు నిజంగానే పది నిమిషాల్లో స్పాట్‌లోకి వచ్చాడు. చాచీ అతన్ని బండి కూడా దిగనివ్వలేదు.

"బిల్లు ఒక్క దినం ఆగదు, కరెంట్ మాత్రం ఆగుతది! నా గుడ్లు సల్లవడ్డయి. రెండు దినాలైతే పిల్లలు ఎల్లేటివి. నీ ఇంట్ల పిల్లలు లేరా? ఎవనికి చెప్పుకోవాలె నేను?"

"జర ఆగు చాచీ, సూడనియ్," అంటూ అతను గోడ మీది మీటర్లన్నీ టార్చ్ వేసి చూశాడు, ఆమె మెయిన్ దగ్గర కొంచెం ఎక్కువసేపు. తర్వాత నా వైపు తిరిగాడు. "తమ్మీ, ఫేజ్ పోతే గీ ఒక్క ఇంటికే ఎట్ల పోతది? పక్క రెండిండ్లు గదే ఫేజ్ మీద ఉన్నయ్."

"స్తంభం మీద జాయింట్ లూజ్ అయ్యిండొచ్చన్నా," అన్నాను. ఆ మాట ఎంత నమ్మకంగా అన్నానంటే నాకే ఒక నిమిషం నిజమనిపించింది.

అతను నన్ను కాసేపు చూశాడు. చాచీ మళ్లీ అందుకుంది. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. స్పాట్ అన్న నిట్టూర్చి, "ఎక్కుత తల్లీ ఎక్కుత. జాయింట్ కోసి మళ్ల కడుత. అయితే అర్ధగంట లైన్ బంద్ చెయ్యాలె," అన్నాడు.

అర్ధగంట! చల్లబడ్డ గుడ్లకు మరో అర్ధగంట చలి, అది కూడా ఎక్కడా లేని లోపాన్ని బాగుచేయడానికి. నేను నోరు తెరిచాను. గొంతులోకి వచ్చిన మాట, చుట్టూ నిలబడ్డ పదిమందిని చూసి వెనక్కి వెళ్లిపోయింది. తెరిచిన నోటితో ఏదో ఒకటి అనాలి కదా, "నిచ్చెన పట్టుకుంటానన్నా," అన్నాను. పట్టుకున్నాను కూడా. ఆ అర్ధగంట నేను స్తంభం కింద నిచ్చెన పట్టుకుని నిలబడి ఉండగా గల్లీలోని ఆడవాళ్లంతా నీళ్లు కాచి, సీసాల్లో పోసి, చాచీ ఇంటికి మోశారు. ఆమె ఆ సీసాలను బట్టల్లో చుట్టి డబ్బా చుట్టూ పేర్చి, పైన తన పెళ్లినాటి రజాయి కప్పి, దాని మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. మా అమ్మ నాలుగు సీసాలు మోసింది. ఆ పూట మా ఇంట్లో చిక్కుడుకాయ కూర అవుతుందనుకున్నాను, అమ్మ కోడిగుడ్ల పులుసు చేసింది. కంచంలో రెండు గుడ్లు వేసి, "తిను," అంది. అంతే. ఆ రెండు గుడ్లు మింగడానికి నాకు పట్టిన సమయం నా పుస్తకంలో నమోదు కాలేదు.

మంగళవారం ఇరవై ఒకటో రోజు. ఏమీ లేదు. బుధవారం పొద్దున కంపెనీకి వెళ్లేటప్పుడు అడిగాను, లేదంది. సాయంత్రం వచ్చి అడిగాను. చాచీ గడపలో కూర్చుని ఉంది, నేను గీసిన పట్టిక గోడ మీంచి తీసేసి మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు మంచిగనే రాసినవ్ బేటా. నీ తప్పు లేదు. గా లైన్మన్ తప్పు గూడ లేదేమో. నా చేతిలనే బర్కత్ లేదు. మా అమ్మ కోడిని పొదగేస్తే ఒక్క గుడ్డు పోయేది కాదు. నాకు రాలే గా చెయ్యి." చాచా లోపలినుంచి, "రేపు పొద్దుగాల సామాన్లోడు వస్తడు," అన్నాడు. వెక్కిరింపుగా కాదు, మెల్లగా అన్నాడు. అదే నాకు మరీ కష్టంగా తోచింది.

ఇంట్లోకి వెళ్లి ఎలా చెప్పాలో జాబితా రాయబోయాను. ఒకటి అని వేశాక కలం కదల్లేదు. చివరికి రేడియో పుస్తకమే తీసుకుని వెళ్లి, ఆదివారం పేజీ తీసి చాచీ చేతిలో పెట్టాను. నోటితో చెప్పక్కర్లేకుండా అందులో అంతా ఉంది, నిమిషాలతో సహా. చదువుకుంటుంది, నేను తల వంచుకుని నిలబడితే చాలు అనుకున్నాను.

"నాకు గీ తెలుగు రాదు గదరా," అంది చాచీ, పుస్తకం తిప్పి చూసి. "నేను చదివింది ఉర్దూ, అది గూడ నాలుగో తరగతి. నువ్వే చదువు."

ఆమెకు తెలుగు రాదని తెలిసే కదా పట్టికలో బొమ్మలు వేసింది! సిగ్గు మనిషిని ఎంత మతిలేనివాణ్ని చేస్తుందో చూడండి. ఇక తప్పలేదు. గొంతు సవరించుకుని చదివాను.

"'ఐదూ ముప్పై ఎనిమిది. ఎదురింటి మెయిన్ ఆఫ్. రొద పూర్తిగా మాయం. అద్భుతం.'"

"ఎదురిల్లంటే?"

"మీదే చాచీ."

ఆమె నా మొహం చూసింది. "ఆఁ. చదువు."

"'ఐదూ నలభై మూడు. స్టేషన్ దొరికింది. ఇంకో ఐదు నిమిషాలు.' 'ఐదూ నలభై ఎనిమిది. డప్పులు చాలా బాగున్నాయి. ఇంకో ఐదు నిమిషాలు.'" చాచా లోపలినుంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. నేను చదువుతూ పోయాను. ఒక్కో ఐదు నిమిషాలకూ అతను ఒక వేలు మడుస్తున్నాడు. ఒక చేతి వేళ్లు అయిపోయి రెండో చెయ్యి తీశాడు. "'ఆరూ ఎనిమిది. అలల చప్పుడు కూడా వినిపిస్తోంది. జన్మ ధన్యం.'"

"ఎవని జన్మ?" అన్నాడు చాచా.

"నాది చాచా."

"అట్లనా. చదువు చదువు."

చివరి వరుస దాకా చదివాను, రెండు గీతలు గీశానని కూడా చెప్పాను. ఆ పేజీ రాస్తున్నప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండిందో, అవే మాటలు నా నోటితో ఆ గడపలో వినిపిస్తుంటే అంత అసహ్యంగా ఉన్నాయి. చాచీ ఒళ్లోని పట్టిక తీసి పక్కన పెట్టింది. గుడ్ల గురించి అడగలేదు.

"స్పాట్ అన్నను నేను ఏమేం తిట్టిన్నో నీకు యాదికున్నదారా? నువ్వు నిచ్చెన పట్టుకోని ఇన్నవ్ గద."

"ఉన్నది చాచీ."

"నా చేతిల బర్కత్ లేదని నేను ఏడుస్తుంటే గూడ ఇన్నవ్. గుడ్లు పోతే పోనియ్, మళ్ల పెడ్త. మూడు దినాలు నన్ను నేను తిట్టుకుంటుంటే సూసుకుంట ఎట్ల ఉన్నవ్రా?"

ఏడ్చానని రాస్తే బాగుంటుంది కానీ ఏడవలేదు, చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె చెయ్యి చాపింది. ఏమిటో అర్థమై, జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాను. చాచా, "రేపు సామాన్లోడిని రావద్దని చెప్త. దోషం డబ్బాది గాదని తేలింది," అని లోపలికి వెళ్లిపోయాడు. లోపల నవ్వాడో దగ్గాడో నాకు తెలియలేదు.

గురువారం పొద్దున నేనూ చాచీ చాచా ఆటోలో బయల్దేరాం. నేను సెలవు పెట్టాను. (కారణం గడిలో 'సొంత పని' అని రాశాను. అంత నిజం ఎప్పుడూ రాయలేదు.) బస్టాండ్ దగ్గర చాయ్ హోటల్ ముందు స్పాట్ అన్న దొరికాడు. చాచీ దిగి, "అన్నా, నా తప్పు మాఫ్ చెయ్. నిన్ను ఉత్తగ తిట్టిన. దొంగ ఈడున్నడు," అని నన్ను ముందుకు తోసింది. అక్కడ చాయ్ తాగుతున్నవాళ్లు నలుగురు తల తిప్పారు. నేను జరిగింది చెప్పాను, ఈసారి పుస్తకం లేకుండా.

స్పాట్ అన్న బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ విన్నాడు. "నాకు గా దినమే ఎరుకే తమ్మీ. గా గోడ మీద అన్ని మెయిన్లకు దుమ్మున్నది, చాచీ మెయిన్ ఒక్కదానికే వేలిముద్ర ఉండె."

"మరి తెలిసీ జాయింట్ ఎందుకు కోసినవన్నా?"

"చాచీ గంతగనం తిడుతుంటే ఉత్తగ దిగి పోతే ఊకుంటదా? ఏదో ఒకటి కొయ్యాలె గద!" అన్నాడు. అన్నాక తనకే సిగ్గేసినట్టుంది, చాయ్ గ్లాసు వంక చూశాడు. మునిగిన బిస్కెట్ విరిగి లోపల పడిపోయింది.

చాచీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరు మొగోళ్లు కలిసి నా గుడ్లను సలికి పెట్టిన్రు. ఒగడు చదువుకోని పెట్టిండు, ఒగడు భయపడి పెట్టిండు," అని ఫక్కున నవ్వింది. ఆ నవ్వు నా కోసం కాదు, నాకు తెలుసు. అయినా నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నాకు ఊపిరి లోపలిదాకా వెళ్లింది.

మేం తిరిగి గల్లీలోకి వచ్చేసరికి మా అమ్మ చాచీ కిటికీకి చెవి ఆనించి నిలబడి ఉంది. ఆటో ఆగకముందే కేక వేసింది: "ఓ చాచీ! డబ్బాల చప్పుడైతుంది! రా, జల్ది రా!" చాచీ చెప్పులు ఆటోలోనే వదిలి పరుగెత్తింది. చలి తగిలిన గుడ్లు ఆలస్యంగా పగులుతాయట. ఆ మాట నా పట్టికలో లేదు, స్పాట్ అన్నకు తెలియదు, డబ్బా అమ్మినవాడు చెప్పలేదు. ఆ పూటా మరుసటి రోజూ కలిపి ముప్పై ఒక్క పిల్లలు బయటికొచ్చాయి. ఒక్కొక్కటీ తడిసిన దూదిలా వచ్చి, గంటలో పసుపు బంతిలా అవుతుంటే చాచీ వాటిని అరచేతిలో పెట్టుకుని గల్లీ అంతా తిరిగి చూపించింది. "చూడుండ్రి, నా చెయ్యి మంచిదే," అని ప్రతి గడపలోనూ అంది. మా గడపలో ఆ మాట నన్ను చూస్తూ కొంచెం గట్టిగా అంది.

పదిహేడు గుడ్లు మాత్రం పగలలేదు. నా బుద్ధి ఊరుకోలేదు. పొదిగే డబ్బాల్లో మామూలుగానే కొన్ని పోతాయని చదివాను, కాబట్టి ఆ పదిహేడింట్లో ఎన్ని వాటంతట అవి పోయాయి, ఎన్ని నా యాభై ఒక్క నిమిషాల వల్ల పోయాయి, ఎన్ని స్పాట్ అన్న అర్ధగంట వల్ల పోయాయి అని ఒక కాగితం మీద లెక్క వేసి, వారం తర్వాత చాచీ దగ్గరికి తీసుకెళ్లాను. నా వాటా తేలితే అన్ని గుడ్లు కొనిచ్చి గీత కొట్టేద్దామని. ఆమె కోడిపిల్లలకు నూకలు వేస్తూ కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"లెక్కలెందుకురా? జర సిగ్గుపడు, సాలు."

దీవి స్టేషన్‌కు నివేదిక రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. స్థానిక రొద అన్న గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయేది, పంపనేలేదు. ఇప్పుడు చాచీ దగ్గర డబ్బాలు మూడున్నాయి, రొద కూడా ఆ లెక్కనే ఉంది. నేను ఆదివారాలు రేడియోను సంచిలో పెట్టుకుని, కరెంటు తీగలు లేని బీడు భూముల వైపు వెళ్లి, బ్యాటరీ మీద వింటాను. అక్కడ ఎండిన గడ్డిలో కూర్చుని ముల్లు తిప్పుతుంటే ఒక్కోసారి ఆ ఆదివారపు కుర్రాడు గుర్తొస్తాడు. చెవికి హెడ్‌ఫోన్, చేతిలో గడియారం, మొహంలో ఎక్కడలేని బాధ్యత. ఐదుకు ఐదు కలిపితే పది అవుతుందని కూడా తెలియని ఆ డిప్లొమా పండితుణ్ని చూసి కోపం రావాలి కానీ, ఈమధ్య నవ్వే వస్తోంది. నవ్వాక మళ్లీ, చాచీ చెప్పిన పని, కాసేపు చేస్తాను. దాని మీద ఇంకా ఏ జాబితాలోనూ అడ్డగీత పడలేదు.